ఎల్‌నినో పేరు వినగానే ఇండెంట్ కోసేయకండి

విత్తనాలు, ఎరువులు, పంపుసెట్లు ఏవి అమ్మినా మే నెల రివ్యూలో ఒక ప్రశ్న తప్పదు: "ఈసారి ఎల్‌నినో అట కదా, టార్గెట్ ఎంత పెడదాం?" తెలీదంటే కుదరదు. కరువే అని తేల్చేసినా ఇరుక్కునేది మీరే.

ముందు అసలు సంగతి చూద్దాం. పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో భూమధ్యరేఖ దగ్గర నీరు మామూలుకంటే అర డిగ్రీకి పైగా వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే అది ఎల్‌నినో. ఆ నీటి మీద గాలి పైకి లేస్తుంది, మబ్బులు అటు జరుగుతాయి. ఇండోనేషియా వైపు, మన వైపు గాలి కిందికి దిగి వానను అణచిపెడుతుంది. సముద్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది కాబట్టే వారాలు, నెలల ముందు సూచన దొరుకుతుంది. అయితే అది సీజన్ ఎటు మొగ్గుతుందో చెబుతుంది గానీ, మహబూబ్‌నగర్‌లో ఏ వారం వాన పడుతుందో చెప్పదు.

2023నే తీసుకోండి. జూన్‌కల్లా ఎల్‌నినో వచ్చేసింది. అది చూసి జూలై స్టాక్ కోసుకుంటే దెబ్బే: ఆ నెల దేశంలో వాన సగటుకంటే 13 శాతం ఎక్కువ. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ ఊపు చూసి ఆగస్టుకు గోడౌన్ నింపినా దెబ్బే: 36 శాతం లోటు, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. సీజన్ మొత్తం మాత్రం సగటులో 94 శాతం దగ్గర తేలింది. సీజన్ లెక్కతో నెల సరుకును నిర్ణయిస్తే జరిగేది ఇదే.

పసిఫిక్‌ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 1997లో ఎల్‌నినో చాలా బలమైనది, అయినా మన రుతుపవనాల వాన సగటులో 102 శాతం. ఆ ఏడు పశ్చిమ హిందూ మహాసముద్రం వేడెక్కి మనకు కొంత కలిసొచ్చింది. 2002లో అంత బలం లేని ఎల్‌నినోకే 19 శాతం లోటు. ఇంకోటి, ఎల్‌నినో ఏడాది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణ కోస్తాలో వాన పెరిగే మొగ్గు ఉంటుంది. నెల్లూరు ఇండెంట్‌నూ అదే లెక్కన కోస్తే అక్కడి డీలర్‌కు జవాబు చెప్పుకోలేరు.

కాబట్టి నిర్ణయాన్ని విడగొట్టండి. ఏప్రిల్ మధ్యలో, మే చివర వాతావరణ శాఖ ఇచ్చే అంచనాతో మొత్తం పరిమాణం, స్వల్పకాలిక రకాల వాటా తేల్చండి. ఆ అంచనాలోని పట్టికలో లోటుకు, అధిక వానకు ఈ ఏటి అవకాశం పక్కనే మామూలుగా ఉండే అవకాశమూ ఉంటుంది. రెండింటి తేడా చదవండి. 100 టన్నులు అనుకుంటే 60 ఖాయం చేసి, మిగతా 40ని వాయిదా వేసుకునే షరతుతో రాయించుకోండి.

ఆ 40 ఎప్పుడు కదలాలో వాతావరణ శాఖ నుంచి ప్రతి గురువారం వచ్చే నాలుగు వారాల అంచనా చూసి తేల్చండి. 30 నుంచి 60 రోజుల్లో భూమిని చుట్టే మబ్బుల గుంపు హిందూ మహాసముద్రం మీదుంటే మనకు వానకు అనుకూలం, పసిఫిక్‌కు దాటితే బెట్టకు అవకాశం. మొదటి రెండు వారాల అంచనాను బట్టి లారీలు పంపండి. తర్వాతి రెండూ డీలర్లను హెచ్చరించడానికి మాత్రమే.

ఏ తేదీ అంచనా చూసి ఏం నిర్ణయించారో ఆ రోజే మెయిల్ పెట్టండి. రిటర్న్స్ వచ్చి పడ్డాక ఎవరు చెప్పారన్న ప్రశ్న మీ దాకా వస్తుంది. అప్పుడు చూపించడానికి ఆ మెయిల్ ఉండాలి.