గుండె దడ, ఆయాసం, ప్రాణభయం: పరీక్షలన్నీ బాగున్నప్పుడు

"ఇ.సి.జి. బాగుంది. రక్త పరీక్షలు బాగున్నాయి. మీకేమీ లేదు, ఇంటికి వెళ్ళండి." ఈ మాట విని సంతోషించవలసిన మనిషి ముఖం ఇంకా వాడిపోవడం క్యాజువాలిటీలో తరచుగా చూస్తుంటాము. అరగంట క్రితం ఆ మనిషి చనిపోతున్నాననుకున్నాడు. గుండె గొంతులోకి వచ్చినట్లు కొట్టుకుంది, ఊపిరి అందలేదు, చొక్కా చెమటతో తడిసింది, చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంత జరిగాక 'ఏమీ లేదు' అంటే ఎలా నమ్ముతాడు? వారం తిరగకముందే అవే బాధలతో ఇంకో ఆసుపత్రికి వెళ్తాడు. అక్కడా అవే పరీక్షలు, అదే మాట. ఈ తిరుగుడులో అప్పులపాలైన కుటుంబాలు ఉన్నాయి.

నా ఉద్దేశంలో 'ఏమీ లేదు' అనే మాటే సరైనది కాదు. గుండెజబ్బు లేదు, కాని బాధ ఉంది. దానికి పేరుంది, చికిత్స ఉంది. వైద్యులు దీనిని పానిక్ ఎటాక్ అంటారు. ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్రమైన భయం అని చెప్పుకోవచ్చు. స్త్రీలలో పురుషులకంటే ఎక్కువగా కనబడుతుంది. చాలామందికి యవ్వనంలోనే మొదలవుతుంది.

ఇది ఈ కాలపు జబ్బు అని కొందరంటారు. కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులలో చాలామందికి గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చేవి. జేకబ్ డా కోస్టా అనే వైద్యుడు వారిని పరీక్షించి, గుండెలో లోపమేమీ కనబడని ఈ స్థితిని గురించి 1871లోనే వ్రాశారు. దీనికి 'సైనికుల గుండె' అనే పేరు కూడా వచ్చింది. తుపాకుల ఎదుట నిలబడినవారికే వచ్చిందంటే దీనిని పిరికితనం అనడానికి వీల్లేదు.

శరీరంలో ఏమి జరుగుతుంది?

పొలం గట్టు మీద నడుస్తుండగా కాలి దగ్గర పాము కనబడిందనుకోండి. మనం ఆలోచించేలోపే మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. పరుగెత్తడానికి కాళ్ళకు రక్తం కావాలి కనుక గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి వేగమవుతుంది. ఒళ్ళు వేడెక్కకుండా చెమట పడుతుంది. అరుగుదల పని ఆగి కడుపులో తిప్పినట్లుంటుంది. ఇవన్నీ మనలను కాపాడే పనులే.

పానిక్ ఎటాక్‌లో జరిగేదీ ఇదే, కాని పాము ఉండదు. దొంగ రాకపోయినా ఆకు కదిలితే మొరిగే కుక్క వంటిది ఇది. కుక్కకు రోగం లేదు, గొంతూ బాగానే ఉంది. మొరిగిన సమయం మాత్రం సరైనది కాదు.

ఇక చేతులు కొంకర్లు పోవడం సంగతి. ఇంట్లోవారిని ఎక్కువగా భయపెట్టేది ఇదే. భయంతో వేగంగా ఊపిరి తీసినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. దానివల్ల పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి, తల తేలిపోవడం, వేళ్ళు బిగుసుకుపోవడం కలుగుతాయి. చూసినవారు ఫిట్స్ అనుకొని చేతిలో ఇనుప తాళాలు పెడతారు. (నిజంగా ఫిట్స్ వచ్చినా తాళాలవల్ల ఉపయోగం లేదు.) విచిత్రమేమంటే, ఊపిరి ఆడడం లేదని బాధపడే ఆ సమయంలో వేలికి పెట్టిన ఆక్సీమీటరు సాధారణంగా 98 చూపిస్తుంది. ఊపిరి చాలక కాదు, ఎక్కువై వచ్చిన బాధ ఇది.

సాధారణంగా ఇది 10 నిమిషాలలోపు పతాకస్థాయికి చేరి, అరగంటలోపు తగ్గుముఖం పడుతుంది. తరువాత ఒళ్ళంతా పిండి ఆరేసినట్లు నీరసంగా ఉంటుంది. నిద్రలోనుండి ఉలిక్కిపడి లేచినప్పుడు కూడా రావచ్చు. పడిపోతామేమోనని చాలామంది గోడ పట్టుకుంటారు. స్పృహ తప్పేది ఎక్కువగా బి.పి. పడిపోయినప్పుడు; ఈ భయంలో బి.పి. పెరుగుతుంది కనుక పడిపోవడం అరుదు.

మొదటిసారి వస్తే ఇంట్లో తీర్పు చెప్పవద్దు

ఈ వ్యాసం చదివి 'మా ఆయనకు ఇదే అయ్యుంటుంది' అని ఇంట్లో కూర్చోబెట్టవద్దు. మొదటిసారి వచ్చినప్పుడు తప్పక ఆసుపత్రికి రావాలి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి, అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో ప్రాకడం, మెట్లెక్కితే పెరిగి ఆగితే తగ్గడం, చల్లని చెమటలు, స్పృహ తప్పడం, ఇవి గుండెపోటు సూచనలు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు, వయసు మళ్ళినవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. ఇదివరకు పానిక్ ఎటాక్ వచ్చినవారికి కూడా గుండెపోటు రాకూడదని లేదు. ఎప్పుడూ వచ్చేదానికి భిన్నంగా ఉంటే ఆలస్యం చేయవద్దు.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, షుగరు మాత్ర వేసుకొని అన్నం తినకపోవడం, ఉబ్బసం, గుండె లయలో తేడా, వీటివల్ల కూడా దడ వస్తుంది. ఒకసారి ఇవన్నీ చూపించుకోవడం అవసరమే. అదే పరీక్షను నెలకొకసారి చేయించుకోవడం అవసరం కాదు.

భయానికి మేత వేసే అలవాట్లు

ఒకసారి ఎటాక్ వచ్చినవారు మళ్ళీ వస్తుందేమోనని కాపు కాస్తుంటారు. గంటకొకసారి నాడి పట్టుకుంటారు. 2020, 2021లో కోవిడ్ భయంతో కొన్న ఆక్సీమీటరు ఇంకా దిండు క్రిందనే ఉంటుంది. బి.పి. మిషను సరేసరి. ఫోనులో 'ఎడమ రొమ్ములో పొడిచినట్లు నొప్పి' అని వెదికితే వచ్చే సమాధానాలు చదివి ఎవరికైనా దడ పుట్టదా? దడ పుట్టగానే 'అదిగో మొదలైంది' అనుకుంటారు. భయం దడను పెంచుతుంది, దడ భయాన్ని పెంచుతుంది.

'నాకేం కాదు కదా?' అని భార్యనో తమ్ముడినో పదేపదే అడగడం కూడా ఇటువంటిదే. 'ఏమీ కాదులే' అన్న మాట ఒక గంట పనిచేస్తుంది. ఆ తరువాత మళ్ళీ కావాలి. కాబట్టి ఈ పరీక్షలను, ప్రశ్నలను ఒక్కరోజులో కాక క్రమంగా తగ్గించుకోవాలి. రోజుకు పదిసార్లు నాడి చూసుకునేవారు ఈ వారం అయిదుసార్లు, వచ్చేవారం రెండుసార్లు చూసుకోవాలి. బి.పి., షుగరు జబ్బులున్నవారు మాత్రం వైద్యులు చెప్పిన ప్రకారమే చూసుకోవాలి.

వచ్చినప్పుడు ఏమి చేయాలి?

ముందుగా, పరుగెత్తవద్దు. కూర్చొని 'ఇది ఇంతకుముందు వచ్చినదే, కాసేపట్లో తగ్గుతుంది' అని మీకు మీరు చెప్పుకోండి. చాలామంది గాలి కోసం నోరు తెరిచి గట్టిగా లోపలికి పీలుస్తారు. దానివల్ల తిమ్మిరి పెరుగుతుంది. ముఖ్యమైనది బయటికి వదలడం. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ తీసుకొని, 6 లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచితే పొట్ట పైకి లేవడం తెలుస్తుంది. ఇలా 5 నిమిషాలు చేయండి. దీనిని బాగున్న రోజుల్లోనే ఉదయం, సాయంత్రం అలవాటు చేసుకోవాలి. అప్పటికప్పుడు నేర్చుకోవడం కష్టం.

కాగితపు సంచిలో ఊపిరి తీయమని పూర్వం చెప్పేవారు. ఇప్పుడు చెప్పడం లేదు. ఉబ్బసంగాని గుండెపోటుగాని అయితే అది ప్రమాదం.

బస్సులో వచ్చిందని బస్సు మానడం, అంగడిలో వచ్చిందని అంగడి మానడం, గుడికో చర్చికో వెళ్ళి తలుపు దగ్గరే కూర్చోవడం, ఇలా ఒక్కొక్కటి మానుకుంటూ చివరికి ఇల్లు కదలనివారు ఉన్నారు. చిన్నగానైనా మళ్ళీ మొదలుపెట్టాలి. మొదట ఒక స్టాపు దూరం తోడుతో, తరువాత ఒంటరిగా. కాఫీ, టీ తగ్గించండి. రోజూ అరగంట నడవండి. నడకలో కూడా గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది. అవి ప్రమాదం కావని శరీరం అలా నేర్చుకుంటుంది.

మందుల గురించి

కౌన్సెలింగులో భయపు ఆలోచనలను పరీక్షించి చూసుకోవడం నేర్పుతారు. ఇది బాగా పనిచేసే చికిత్స. అవసరమైతే వైద్యులు ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ వంటి మాత్రలు వ్రాస్తారు. వీటి గుణం కనబడడానికి 2 నుండి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారం వికారం, కొంచెం అలజడి ఉండవచ్చు. 'మాత్ర పడలేదు' అని చాలామంది అక్కడే మానేస్తారు. అలా మానకుండా వైద్యుని అడగండి. బాగుపడ్డాక కూడా కొన్ని నెలలు వాడి, చెప్పినట్లు క్రమంగా తగ్గించాలి.

ఆల్ప్రజోలామ్ సంగతి వేరు. వెంటనే హాయిగా ఉంటుంది కనుక ఒకరి చీటీతో ఇంకొకరు కొనుక్కుంటున్నారు. ఇది అలవాటు పడే మందు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే భయం రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. వాడుతున్నవారు భయపడి నేడే ఆపవద్దు. ఆ మాత్ర తీసుకొని వైద్యుని వద్దకు రండి. ఒక సెలైన్ ఎక్కించమని అడిగేవారూ ఉన్నారు. సెలైను ఈ జబ్బుకు మందు కాదు.

ఇంట్లోవారికి

కోడలికి ఇలా వస్తే 'పని తప్పించుకోవడానికి' అనే అత్తగారున్నారు. కొడుక్కి వస్తే గుండె ఆసుపత్రికి తీసుకువెళ్తారు! ఇద్దరి బాధా ఒక్కటే. చుట్టూ పదిమంది మూగి ఏడవకుండా, ఒక్కరు ప్రక్కన కూర్చొని, 'నేనున్నానమ్మా, నాతోపాటు నెమ్మదిగా ఊపిరి వదులు' అంటే చాలు. 'నీకు విశ్వాసం తక్కువైంది, అందుకే ఈ భయం' అని కూడా అనవద్దు. షుగరు వచ్చినవారిని అలా అనము కదా. ప్రార్థన చేసుకోండి, మాత్రా వేసుకోండి.

బ్రతకాలని లేదు అన్న మాట వినిపిస్తే తేలికగా తీసుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రాత్రివేళైనా సరే, 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత ఇ.సి.జి.లు, రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. చేసిన పరీక్షే మళ్ళీ చేయించే ఖర్చు తప్పుతుంది.