కొండనాలుకకి కొత్త పాఠం

రా, కూర్చో. టీ పోస్తాను గానీ ముందు ఆ మొహం మీద దిగులేంటో చెప్పు. నిన్న ఖురాన్‌ఖానీలో అందరూ తలా ఒక పారా తీసుకుని చదువుతుంటే నువ్వు వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయావట కదా! "నాకు పనుందిలే" అన్నావట. ఆ పనేంటో నాకు తెలీదా? పదేళ్లు నేనూ చేశాను ఆ గిన్నెల పని. పక్కన కూర్చున్నావిడ వింటుందేమో, మన నోట్లో అక్షరం పలక్కపోతే లోపల్లోపల నవ్వుకుంటుందేమో అని భయం. అంతే కదూ?

మన తప్పేముంది చెప్పు. చాలా ఇళ్లలో మనం మాట్లాడేది తెలుగే. నూర్‌బాషాల ఇళ్లలో అయితే ఉర్దూ పలుకు కూడా పెద్దగా వినపడదు. చిన్నప్పుడు రెండేళ్లు మక్తబ్‌కి పోయి, పెద్దమనిషి కాగానే మానేశాం. ఆ తర్వాత తెలుగు లిపిలో అచ్చేసిన సూరాల పుస్తకమే మనకి ఉస్తాదు. ఖమ్మంలో ఉంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. పాల్వంచ, భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్లకి కోడలిగా పోయిన పిల్ల సంగతేంటి? ముప్పై ఐదేళ్లొచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అలిఫ్, బా దిద్దించే ఆడమనిషి ఎక్కడ దొరుకుతుంది? పిల్లలకి హజ్రత్ ఉంటాడు. మనకెవరున్నారు?

ఫోన్ ఉందిగా! 2020 లాక్‌డౌన్‌లో మదర్సాలు మూతపడ్డప్పుడు చాలామంది ఉస్తాదులు, ఆపాలు ఫోన్‌లోనే పాఠాలు మొదలుపెట్టారు. కొందరు మళ్లీ ఆపలేదు. హైదరాబాద్‌లో ఉన్న ఆపా మన ఊరి పిల్లకి ఇషా తర్వాత అరగంట చెప్తోంది. ఈజిప్టు వాళ్లూ చెప్తున్నారు, మన రాత్రి వంట టైముకి వాళ్లకింకా సాయంత్రమే. ఒక్కరికి ఒక్కరు. నీ తప్పు వినేది ఆ ఒక్క మనిషే, పక్కింటావిడ కాదు. సిగ్గుపడేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

"తెలుగు పుస్తకం ఉందిగా అక్కా, మళ్లీ ఇదెందుకు" అంటావేమో. ఒక్క మాట చూడు. తెలుగులో "అలీమ్" అని రాస్తాం. అరబీలో అది ఐన్‌తో మొదలైతే అన్నీ ఎరిగినవాడని అర్థం. అలిఫ్‌తో మొదలైతే బాధాకరమైనదని. మన అచ్చులో రెండూ ఒకటే! ఖల్బ్ అంటే గుండె, కల్బ్ అంటే కుక్క. మనం "స" అని రాసేచోట అక్కడ మూడు అక్షరాలున్నాయి. "జ" సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పుస్తకం వేసినవాళ్లది మంచి మనసే, పాపం. మన లిపిలో లేని అక్షరాన్ని వాళ్లు మాత్రం ఎక్కడ్నుంచి తెస్తారు?

అసలు ఖాఫ్ ఎక్కడ పుడుతుందో తెలుసా? నాలుక మొదలు వెనక్కిపోయి కొండనాలుక దగ్గర తగలాలి. మన "ఖ" దానికి చాలా ముందు ఆగిపోతుంది. మొదటి వారం నేను అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడితే మా అత్తమ్మ "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందట, జాగ్రత్త" అని నవ్వింది. పదో రోజుకి పలికింది. నాలుకేం ఊడలేదు.

మన నోటికి ఇంకో అలవాటుంది. బస్‌ని బస్సు అంటాం, పెన్‌ని పెన్ను అంటాం. చివర ఒక అచ్చు తగిలించందే మాట ముగిసినట్టుండదు మనకి. సూరా ఇఖ్లాస్‌లో నాలుగు ఆయతులూ ఆగేది దాల్ దగ్గరే. నేను హాయిగా "అహదు, సమదు" అని పోతున్నాను. మా ఆపా ఆపింది. "చివర ఆ ఉ ఎక్కడిది? బంతి నేలకి తగిలి లేచినట్టు దాల్‌ని కొంచెం ఎగరనివ్వు, అచ్చు మాత్రం రానివ్వకు." దీన్నే ఖల్‌ఖలా అంటారు. ఆ "అహద్" కోసం ఒక పూట పూర్తిగా పోయింది. పక్క గదిలో మా చిన్నాడు నాకంటే ముందే పట్టేశాడు, వెధవ.

అలాగని మన నోటిని మరీ తక్కువ చేసుకోకు. "కంబళి"లో సున్నాని మ్ అంటాం, "అంతే"లో న్ అంటాం. ఎవరైనా నేర్పారా మనకి? నూన్ తర్వాత బా వస్తే ఆ నూన్ మీమ్‌లా మారిపోవడాన్ని వాళ్లు ఇఖ్లాబ్ అంటారు. ముక్కులోంచి వచ్చే ఆ మోతని, అదే గున్నాని, కాసేపు నిలపడం ఒక్కటే కొత్త. ఇక మద్ అంటావా, హ్రస్వం దీర్ఘం తెలిసిన వాళ్లం మనం. మామూలు మద్‌కి రెండు మాత్రలు. ఫాతిహా చివరి మాటలో ఆరు. వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టు, వచ్చేస్తుంది. భద్రాచలంలో పెరిగినవాళ్లకి ఇదేం వింత కాదులే. గుడిలో వేదం చెప్పేవాళ్లదీ ఇదే పద్ధతి, స్వరం జారితే గురువు అక్కడే ఆపేస్తాడు. నోటి చదువు ఎక్కడైనా చెవితోనే వస్తుంది.

ఆపడం అంటే గుర్తొచ్చింది. నా మొదటి ఆన్‌లైన్ టీచర్, పేరెందుకులే, నేనేం చదివినా "మాషా అల్లా, మాషా అల్లా" అనేది. మూడు నెలల ఫీజు ముందే కట్టేశాను. మూడు నెలలూ నా తప్పులు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి! అందుకే చెప్తున్నాను, ముందు ఒక ట్రయల్ క్లాసు అడుగు. అందులో ఫాతిహా ఏడు ఆయతులు చదివి వినిపించు. ఎక్కడా ఆపలేదంటే దండం పెట్టి వచ్చెయ్. ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో, నేర్పడానికి గురువు ఇచ్చే ఇజాజా ఉందో లేదో అడుగు. మంచివాళ్లు ఆ ప్రశ్నకి ఏం అనుకోరు, సంతోషంగా చెప్తారు. ఫీజు నెలనెలా కట్టు, ఏడాదికి ఒకేసారి వద్దు. నీకు అర్థమయ్యే భాషలో చెప్పేవాళ్లనే చూసుకో. ఎంత గొప్ప ఖారీ అయినా నీ సందేహం ఆయనకి అర్థం కాకపోతే ఏం లాభం? ఇంకోటి, మనింట్లో ఉండే ముస్‌హఫ్, అదే ఖురాన్ ప్రతి, మన దేశపు అచ్చు. అరబ్బు ఉస్తాదుల చేతిలో ఉండేది మదీనా అచ్చు. గుర్తులు తేడాగా ఉంటాయి. ఏది పట్టుకోవాలో మొదటి రోజే తేల్చుకో, లేకపోతే ఇద్దరూ తికమకపడతారు.

కెమెరా గురించి మొహమాటమా? ఆడమనిషినే ఎంచుకో, అప్పుడు నోరు కదలడం చూపించొచ్చు. అది చూడందే ఆవిడ కొన్ని అక్షరాలు దిద్దలేదు. ఆ నాలుగు రోజుల సంగతి కూడా ఆవిడకే చెప్పు. చదవడం, ముట్టుకోవడం గురించి ఉలమాలు ఒక్కో రకంగా చెప్తారు, మీ ఆపా చెప్పినట్టు నడుచుకో. వినడానికి మాత్రం అడ్డులేదు. షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ చదివింది పెట్టుకుని విను. ఈజిప్టు ఆయన, 1980లో పోయారు. ఎంత నిదానమంటే ప్రతి అక్షరం విడివిడిగా చేతికందుతుంది.

సిగ్నల్ బాధ నాకు తెలీనిది కాదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రెండు గీతలొస్తే అదే మన మదర్సా. వానాకాలంలో అదీ ఉండదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు, క్లాసుల గురించి ఎవరనుకుంటారు? అందుకని జూన్‌లోనే పాఠాల రికార్డింగులు ఫోన్‌లోకి దించిపెట్టుకో, ఆవకాయ పెట్టుకున్నట్టు.

ఇంకా తడబడతానని భయమా? తడబడుతూ కష్టపడి చదివేవాళ్లకి రెండింతల పుణ్యమని ప్రవక్తగారు చెప్పినట్టు ఆయన భార్య ఆయిషమ్మ నుంచి వచ్చిన హదీసు ఉంది, సహీహ్ ముస్లింలో. తప్పుల్లోనూ రెండు రకాలు. అక్షరం మారి అర్థం చెడేది లహ్నె జలీ, ముందు దాన్ని దిద్దుకుందాం. గున్నా కాస్త తగ్గడం లాంటి చిన్నచిన్నవి లహ్నె ఖఫీ, వాటికి తొందరేం లేదు. ఈ నెల ఫాతిహా ఒక్కటే.

ఫోన్ తియ్. ఏడు ఆయతులూ రికార్డు చేసి నాకు పంపు. నాకే, ఇంకెవరికీ వినిపించను. ఆగాగు, ముందు ఆ కుక్కర్ కట్టేసి రా, నాలుగో విజిల్ అయింది.