ఆరవ సంఖ్య

బాలలారా! 4,29,49,67,297 అను సంఖ్యను చూడుడు. నాలుగు వందల ఇరువది తొమ్మిది కోట్ల నలువది తొమ్మిది లక్షల అరువది యేడు వేల రెండు వందల తొంబది యేడు! ఒకట్ల స్థానమున 7 కలదు గాన ఇది బేసి సంఖ్య, 5చేతను భాగింపబడదు. అంకెలన్నియు కూడిన 59 వచ్చును గాన 3చేతను భాగింపబడదు. మరి ఇది ప్రధాన సంఖ్యయా, సంయుక్త సంఖ్యయా? ఈ ప్రశ్న తేలుటకు తొంబది సంవత్సరములకు పైగా పట్టినది.

ముందుగా దీని పుట్టుకను తెలిసికొందము. 2కు 1 చేర్చిన 3 వచ్చును. 2ను వర్గము చేసిన 4. దానికి 1 చేర్చిన 5. 4ను వర్గము చేసిన 16. 1 చేర్చిన 17. ఇట్లే 257, 65,537 వచ్చును. ఈ యైదును ప్రధాన సంఖ్యలే. 65,536ను వర్గము చేసి 1 చేర్చగా వచ్చు ఆరవ సంఖ్యయే మనము పైన చూచినది.

ఫ్రాన్సు దేశమందలి తులూజు నగరమున ఫెర్మా అను న్యాయాధికారి యుండెను. గణితము ఆయనకు తీరిక వేళల వ్యాసంగము. అయినను ఆ శాస్త్రమున ఆయనకు సాటివారరుదు. ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని తాను నమ్ముచున్నట్లు 1640లో ఆయన లేఖ వ్రాసెను. నిరూపణము మాత్రము తనకు లభింపలేదని దాపరికము లేక ఒప్పుకొనెను.

పరీక్షించి చూడవచ్చును గదా యందురేమో! 65,536కు లోపల ప్రధాన సంఖ్యలు 6,542 కలవు. మామూలు పద్ధతిలో ఆరవ సంఖ్య ప్రధానమని తేల్చుటకు వానిలో ప్రతిదానితోను భాగించి చూడవలెను.

1732లో ఆయిలరు అను స్విట్జర్లాండు దేశస్థుడు ఆ పని సాధించెను. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున పనిచేయుచుండిన ఆయనకు అప్పటికి ఇరువదియైదేండ్లు. ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య యేదియైనను, దానిని 64చే భాగించినచో 1 శేషముండవలెనని ఆయన తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగును భాగింపలేవు. అయిదవదియగు 641 నిశ్శేషముగా భాగించును! భాగఫలము 67,00,417. వేల భాగహారములు చేయవలసిన చోట అయిదింటితో పని ముగిసినది.

కావున మన సంఖ్య సంయుక్త సంఖ్య. 641, 67,00,417 రెండును ప్రధాన సంఖ్యలే గాన దీనికి భాజకములు నాలుగే: 1, 641, 67,00,417, మరియు తాను. తన్ను విడిచి మిగిలిన భాజకముల మొత్తము 67,01,059 మాత్రమే. అందుచే 6 వలె ఇది పరిపూర్ణ సంఖ్యయు కాదు. ఆ వరుసలో 65,537 తరువాత మరియొక ప్రధాన సంఖ్య నేటివరకు దొరకలేదు.

ఐదు మార్లు నిజమైనది ఆరవ మారును నిజమగునని నియమము లేదు. ఫెర్మా పొరపడినను ఆయన గొప్పతనము తగ్గలేదు; తనకు తెలియనిది తెలియదని చెప్పుటయే ఆయన పెద్దరికము. పెద్దలను గౌరవింపుడు, వారి మాటను పరీక్షించుట అగౌరవము కాదు. నా మాటను సైతము ఊరక నమ్మవలదు. పలక తీసికొని గుణింపుడు:

67,00,417 × 600 = 4,02,02,50,200
67,00,417 × 40 = 26,80,16,680
67,00,417 × 1 = 67,00,417

మూడింటిని కూడి, మొదటి పంక్తిలోని సంఖ్యతో సరిచూచుకొనుడు.