పడకుండా నిలబడటం: కండరాల క్షీణత ఉన్న పిల్లలు

కండరాలు ఎముకలను ఎలా కదిలిస్తాయో గత పాఠంలో తెలుసుకున్నారు. ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. పక్కన ఒకరిని ఉంచుకుని, వీపు, మడమలు గోడకు ఆనించి నిలబడండి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను తాకబోండి. ముందుకు తూలుతారు కదా! మామూలుగా వంగేటప్పుడు మనకు తెలియకుండానే పిరుదులు వెనక్కి పోతాయి. అందువల్ల బరువు పాదాల మీదే నిలుస్తుంది. గోడ ఆ వీలు లేకుండా చేసింది.

ఒళ్లు ఎటు ఒరిగిందో మెదడుకు తెలిపేవి కళ్లు, లోపలి చెవి, కండరాలు, కీళ్లు. ఒరిగిన ఒంటిని నిలబెట్టేవి కండరాలే. డుషెన్ రకం కండరాల క్షీణతలో దెబ్బతినేది ఈ రెండో పని. స్పర్శ పోదు. పడబోతున్నానని పిల్లవాడికి తెలుస్తుంది, ఆపుకునే బలం చాలదు.

ఈ జబ్బు దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. కండర కణాలను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను లోపమే దీనికి మూలమని 1987లో తెలిసింది. మొదట తుంటి, తొడ కండరాలు సన్నగిల్లుతాయి. పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తాయి. అవి చూసి "కాళ్లు గట్టివే, వీడికి బద్ధకం" అనేవారే ఎక్కువ.

అతని నడక గమనించండి. పొట్ట ముందుకు, భుజాలు వెనక్కి ఉంటాయి. మునివేళ్ల మీద, అటూ ఇటూ ఊగుతూ నడుస్తాడు. ఇది చెడ్డ అలవాటు కాదు. తుంటి కండరాలు ఒంటిని ఆపలేవు కనుక భుజాలు వెనక్కి వాల్చి ముందుకు పడకుండా చూసుకుంటాడు. బరువు మోకాలికి ముందుగా పడేలా నిలబడతాడు. అప్పుడు మోకాలు మడతపడదు. ఈ ఉపాయం ఎవరూ నేర్పలేదు, అతని శరీరమే కనిపెట్టుకుంది. నేల మీద నుంచి లేచేటప్పుడు కూడా చేతులను తొడల మీద ఆనిస్తూ పైకి లేస్తాడు. 1879లో దీనిని వివరించిన వైద్యుని పేరుతో దీన్ని గోవర్స్ గుర్తు అంటారు.

కాబట్టి "నిటారుగా నిలబడు" అని భుజాలు ముందుకు నెడితే ఏమవుతుంది? మీరు చేసిన గోడ ప్రయోగం గుర్తు చేసుకోండి. బడి వరుసలో వెనుకవాడు కాస్త తగిలినా పడిపోతాడు. అతన్ని చివర నిలబెట్టడం మేలు. గుంజీలు, మెట్లు ఎక్కించి దించడం బలం పెంచవు, కండరాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. పడినప్పుడు చంకల్లో చేతులు పెట్టి ఎత్తకండి. భుజాలు బలహీనం, జారిపోతాడు. ఒక చేయి వీపు వెనుక, మరొకటి తొడల కింద పెట్టండి. చీలమండలు బిగుసుకోకుండా రోజూ మెల్లగా సాగదీయాలి. ఆ పద్ధతి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

స్టిరాయిడ్ మందులు నడిచే కాలాన్ని కొంత పొడిగిస్తాయి, నయం చేయవు. చక్రాల కుర్చీలోకి మారాక కూర్చోవడంలో సమతూకం ముఖ్యమవుతుంది. ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నాడేమో చూస్తూ ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది. ధ్రువపత్రం తీసుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు
1. పిల్లవాడు పొట్ట ముందుకు పెట్టి నిలబడటానికి కారణం ఏమిటి?
2. మీకు తెలిసిన బడిలో అలాంటి పిల్లవాడు ఉంటే, అతని బల్ల ఎక్కడ వేయిస్తారు? ఎందుకు?