ఉత్తరపు సరస్సుల నుండి మన చెరువుల దాకా

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు కురుస్తాయి. తమిళంలో ‘కన్మాయి’ అని పిలిచే చెరువులు ఆ మూడు నెలలలోనే నిండవలసి ఉంటుంది. సరిగా అదే కాలంలో హిమాలయాలకు ఆవల, టిబెట్టు, మంగోలియా ప్రాంతాలలోని సరస్సులు గడ్డకట్టడం మొదలవుతుంది. మేత కరవైన పక్షులు దక్షిణానికి బయలుదేరుతాయి. అక్కడి మంచు, ఇక్కడి వాన ఒకే ఋతువున పడడం వల్లనే ఈ ప్రాంతానికి శీతకాలపు అతిథులు లభిస్తున్నారు.

వారిలో ముందుగా చెప్పదగినది చారతల బాతు. తమిళులు దీనిని వరిత్తలై వాత్తు అంటారు. బూడిదవన్నె మేను, తెల్లని తల, తల వెనుక రెండు నల్లని అడ్డుచారలు. గుర్తించడానికి ఇంతకంటె అక్కరలేదు. పరిశోధకులు ఈ పక్షులకు చిన్న పరికరాలను అమర్చి కొలువగా, కొన్ని ఏడు వేల మీటర్లకు మించిన ఎత్తున హిమాలయాలను దాటినట్లు తేలింది. పలుచని గాలినుండి సైతం ప్రాణవాయువును గ్రహించగల నెత్తురు వీటిది. అయినను ఇవి ఆకాశంలో ఒకే ఎత్తున సాగిపోవు. కొండల వాలును అనుసరించి ఎక్కుతూ, దిగుతూ ప్రయాణిస్తాయి.

ఇంత దూరం వచ్చిన ఈ బాతులను చూడగోరువారు తిరునెల్వేలి జిల్లా నాంగునేరి సమీపంలోని కూందన్‌కుళం చెరువుకు వెళ్లవచ్చును. 1994లో పక్షుల అభయారణ్యంగా ప్రకటింపబడిన ఆ చెరువు తరువాత రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అక్కడి గొప్పతనం ప్రకటనలలో లేదు. ఊరి నడుమనున్న చెట్లపైన ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి; గూటినుండి జారిపడిన పిల్లలను గ్రామస్థులే ఎత్తి సాకుతారు. రెట్టలు కలిసిన చెరువు మట్టి వారి పొలాలకు ఎరువు. మణిముత్తారు కాలువ నీరు చేరని ఏడు, వానలు తప్పిన ఏడు పక్షులు రావు.

‘వలస’, ‘అరుదు’ అనే మాటలను ఒకటిగా వాడడం పొరపాటు. సూదితోక బాతు ఏటేటా వేలమైళ్లు ఎగిరి వస్తుంది, కాని అరుదైనది కాదు. కలివికోడి ఎక్కడికీ వలసపోదు. అయినను 1900 తరువాత కనబడక, నశించిందనుకొన్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలోని చిట్టడవులలో మరల కంటబడింది. పులికాట్ సరస్సు సమీపాన నేలపట్టులో నీటి కడప చెట్లమీద పిల్లలను చేసే గూడబాతులు కూడ విదేశీయులు కావు. నీరున్న చోటికి దేశంలోనే తిరుగుతూ ఉంటాయి. సూళ్లూరుపేట పరిసరాలనుండి వచ్చినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

చెరువులో నీటిమట్టాన్ని బట్టి పక్షులు మారుతాయి. అలుగు పారే రోజులలో లోతు నీటిలో మునిగి మేసే పక్షులు కనబడతాయి. నీరు తగ్గి అంచున బురద బయటపడితే, పొడుగు ముక్కుతో పురుగులను ఏరుకొనే ఉల్లంకులు దిగుతాయి. కనుక నిండు చెరువే పక్షులకు మేలనుకోరాదు. ప్లాస్టిక్కు సంచులు, ఇండ్ల మురుగు ముందుగా చేరేది ఆ అంచుకే. అందువలన మొదట మాయమయ్యేవి కూడ ఉల్లంకులే. ఒడ్డున చెత్త పోయకుండుట పక్షి ప్రేమికులకు మాత్రమే సంబంధించిన నియమం కాదు, అది భూగర్భజలాన్ని తోడుకొని త్రాగే ప్రతి ఇంటికీ సంబంధించినది.

క్రొత్త పక్షి కనబడినపుడు తేదీ, వేళ, చెరువు పేరు, సంఖ్య, నీటి స్థితి వ్రాసుకొనవలెను. పేరు తెలియకుంటే ముక్కు, కాళ్లు, రెక్కల రంగులు వ్రాసినా చాలు. ఊహించి పేరు పెట్టడంకంటె అదే మేలు. సంక్రాంతి రోజులలో తమిళనాడంతటా జరిగే పొంగల్ పక్షుల లెక్కింపులో పిల్లలు సైతం పాల్గొనవచ్చును. గూళ్లవద్దకు పోరాదు, గ్రుడ్లు తీయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. చనిపోయిన పక్షి కాలికి లోహపు కడియం కనబడితే, దానిపై చెక్కిన అంకెలను యథాతథంగా వ్రాసుకొని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి గాని, సమీప అటవీ కార్యాలయానికి గాని తెలుపవలెను. కడియం తొడిగిన చోటు, తేదీ ఆ అంకెల ఆధారంగానే బయటపడతాయి.