వ్యవసాయ విస్తరణ, బోధన, కార్యాలయ నిర్వహణలో పీడీఎఫ్ పత్రాల వినియోగం: ఇస్నాపూర్ పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

పీడీఎఫ్ పత్రం పుట రూపాన్ని ఏ యంత్రంలోనైనా మార్పు లేకుండా చూపుతుంది. అయితే కంటికి కనిపించే అక్షరం కంప్యూటరుకు అక్షరంగానే అందుతుందన్న హామీ ఆ రూపంలో లేదు. తెలుగు పత్రాలలో ఈ లోపం అధికం. పుట మారకపోవడం వల్ల కాలం చెల్లిన సిఫారసులు కూడా కొత్తవాటివలె చలామణి అవుతాయి. ఈ రెండు సమస్యలను దృష్టిలో ఉంచుకొని, విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పీడీఎఫ్ పత్రాలను తయారు చేయవలసిన, పరీక్షించవలసిన, భద్రపరచవలసిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పీడీఎఫ్, యూనికోడ్, వ్యవసాయ విస్తరణ, కరపత్రం, డిజిటల్ సంతకం

పరిచయం

సంగారెడ్డి జిల్లాలోని ఇస్నాపూర్, పటాన్‌చెరు – సంగారెడ్డి మధ్య 65వ జాతీయ రహదారిపై ఉన్నది. పాశమైలారం పారిశ్రామికవాడ దీనికి సమీపంలోనే ఉన్నది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పటాన్‌చెరులో, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల సంగారెడ్డి వైపున కందిలో ఉన్నాయి. సాగు, పరిశ్రమ, పరిశోధన, చదువు ఒకే రహదారి వెంట సాగే ప్రాంతమిది. రైతుకు పంట సిఫారసు, కార్మికునికి జీతపు చీటీ, విద్యార్థికి పాఠ్యపుస్తకం, పరిశోధకునికి సిద్ధాంత గ్రంథం నేడు చాలావరకు పీడీఎఫ్‌గానే అందుతున్నాయి. పత్రం ఒకటే రూపంలో ఉన్నా, వీరి అవసరాలు ఒకటి కావు. ఆ భేదాన్ని గుర్తించకుండా తయారైన పత్రం చేరవలసిన చోటికి చేరి కూడా నిరుపయోగమవుతుంది.

పీడీఎఫ్ స్వభావం

ఆడోబీ సంస్థ సహ వ్యవస్థాపకుడు జాన్ వార్నాక్ 1991లో 'కేమలాట్' పేరుతో ఈ ఆలోచనను ప్రతిపాదించారు. 1993లో తొలి కూర్పు విడుదలైంది. 2008లో ఇది ఐ.ఎస్.ఓ. 32000-1 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. దీర్ఘకాల భద్రతకు ఉద్దేశించిన పీడీఎఫ్/ఏ ప్రమాణం అంతకు ముందే, 2005లో వెలువడింది. దృష్టిలోపం గలవారికి కూడా అందుబాటులో ఉండే పత్రాల కోసం 2012లో పీడీఎఫ్/యూఏ వచ్చింది.

ఈ రూపంలో ప్రతి పుట ఒక చిత్రపటం వంటిది. ఏ అక్షర రూపాన్ని పుటలో ఏ స్థానంలో ఉంచాలో దస్త్రంలో నమోదై ఉంటుంది. ఆ అక్షర రూపం ఏ అక్షరానికి చెందినదో తెలిపే పట్టిక వేరుగా ఉంటుంది. ఆ పట్టిక లేకపోయినా, తప్పుగా ఉన్నా పుట చక్కగానే కనిపిస్తుంది, చక్కగానే ముద్రితమవుతుంది. వెతకడం, నకలు తీయడం, అనువదించడం, చదివి వినిపించడం మాత్రం సాధ్యపడవు.

తెలుగు పత్రాలలో ఎదురయ్యే చిక్కు

తెలుగు ముద్రణలో అను వంటి పాత ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. వీటిలో తెలుగు అక్షర రూపాలను ఆంగ్ల అక్షరాల సంకేత స్థానాలలో అమర్చారు. ఇటువంటి పత్రం నుండి ఒక వాక్యాన్ని నకలు చేస్తే అర్థరహితమైన ఆంగ్ల అక్షరాల వరుస వస్తుంది. 'గులాబీ రంగు పురుగు' అని వెతికితే, ఆ పేరు పుటపై పదిసార్లు ఉన్నా ఒక్క ఫలితమూ రాదు. శోధన యంత్రాల దృష్టిలో ఆ కరపత్రం లేనట్లే.

యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలను కేటాయించింది. యూనికోడ్ ఫాంట్ వాడినంత మాత్రాన సమస్య పూర్తిగా తీరదు. 'వ్య' అన్న అక్షరంలో వకారం, విరామ సంకేతం, యకారం వరుసగా ఉంటాయి. పుటపై మాత్రం వకారానికి యవత్తు జతపడి కనిపిస్తుంది. ఐత్వంలో గుర్తు రెండు భాగాలుగా, ఒకటి పైన, మరొకటి కింద చేరుతుంది. పీడీఎఫ్‌గా మార్చే సాధనం ఈ రూపాల నుండి మూల అక్షరాల వరుసకు దారి చూపకపోతే, నకలు చేసిన పాఠంలో ఒత్తులు, గుణింతాలు తారుమారవుతాయి. కాబట్టి మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లతో కూర్పు చేసిన తరువాత కూడా దస్త్రాన్ని పరీక్షించాలి.

స్కాన్ చేసిన పాత ప్రచురణలలో అక్షరాలే ఉండవు, పుట ఛాయాచిత్రం మాత్రమే ఉంటుంది. అక్షర గుర్తింపు సాధనాలు తెలుగును చదవగలవు. కానీ ప–వ, ష–ఘ వంటి పోలికగల అక్షరాల వద్ద, ఒత్తుల వద్ద పొరపాట్లు జరుగుతాయి. మందు మోతాదులో దశాంశ బిందువు జారిపోతే 1.5 మిల్లీలీటర్లు 15 అవుతుంది. అందువల్ల యంత్రం గుర్తించిన అంకెలను మూల ప్రతితో మనిషి సరిచూడనిదే విడుదల చేయరాదు.

మారని పుట, మారే సిఫారసు

రూపం మారకపోవడం పీడీఎఫ్ బలం. విస్తరణ రంగంలో అదే ప్రమాదానికి కారణం కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వు వెలువరించింది. వీటిలో 12 మందులపై నిషేధం వెంటనే అమలులోకి వచ్చింది. ట్రయజోఫాస్, ఫోరేట్, డైక్లోర్వాస్ సహా మిగిలిన 6 మందులపై నిషేధం 2020 డిసెంబరు 31 నుండి అమలైంది. అంతకు ముందు తయారైన కరపత్రాలలో ఈ మందుల పేర్లు యథాతథంగా ఉంటాయి. తేదీ లేని అటువంటి పుట వాట్సాప్‌లో చేరినప్పుడు, అది పదేళ్ల నాటిదో, ఈ వానాకాలానిదో రైతు గుర్తించలేడు. పైన విశ్వవిద్యాలయ చిహ్నం ఉంటే నమ్మకం మరింత పెరుగుతుంది.

ఈ కారణంగా విడుదల నెల, సంవత్సరం, కూర్పు సంఖ్య, వర్తించే కాలం మొదటి పుటలోనే గాక ప్రతి పుట అడుగున ఉండాలి. రైతులు ఒక్క పుటను మాత్రమే చిత్రంగా తీసి పంపుకోవడం సాధారణం కనుక ఇది అత్యవసరం. ప్రతి పుటపై క్యూఆర్ సంకేతం ఉంచి, దానిని ఎప్పటికప్పుడు తాజా కూర్పు గల చిరునామాకు అనుసంధానించాలి. పాత కూర్పును జాలస్థలం నుండి తొలగించడం కంటే, దానిపై 'ఇది ఇప్పుడు వర్తించదు' అని స్పష్టంగా ముద్రించి భద్రపరచడం మేలు. అప్పుడు చరిత్ర నిలుస్తుంది, పొరపాటు తగ్గుతుంది.

చేతిఫోనుకు తగిన పుట

విస్తరణ పత్రాలను సాధారణంగా ఏ4 పరిమాణంలో రూపొందిస్తారు. ఆ పుట వెడల్పు 210 మిల్లీమీటర్లు. సుమారు 70 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫోను తెరపై అది మూడో వంతుకు కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్ల అక్షరంగా కనిపిస్తుంది. ఒత్తులు గల తెలుగు లిపిని ఆ పరిమాణంలో చదవడం దుర్లభం. అదే పాఠాన్ని 105 మిల్లీమీటర్ల వెడల్పు గల ఏ6 పుటలో, ఒకే వరుసగా, 14 పాయింట్లలో కూర్చితే తెరపై 9 పాయింట్లకు పైగా కనిపిస్తుంది. కాబట్టి ముద్రణకు ఒక కూర్పు, ఫోనుకు మరొక కూర్పు అవసరం.

దస్త్రం బరువు కూడా గమనించదగినది. ఒక ఏ4 పుటను అంగుళానికి 300 బిందువుల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల బిందువులు ఏర్పడతాయి. కుదించకపోతే రంగులలో అది 26 మెగాబైట్లు, కేవలం నలుపు తెలుపులలో సుమారు 1.1 మెగాబైట్లు. వట్టి అక్షరాలున్న పుటను రంగులలో స్కాన్ చేయడం వృథా.

కార్యాలయ వినియోగం

సమాచార సాంకేతిక చట్టం, 2000 ఎలక్ట్రానిక్ సంతకానికి చట్టబద్ధతనిచ్చింది. డిజిటల్ సంతకం దస్త్రంలోనే ఉంటుంది. పత్రాన్ని ముద్రించి తిరిగి స్కాన్ చేస్తే సంతకపు బొమ్మ మిగులుతుంది గాని, సరిచూడగల సంతకం మిగలదు. సంతకం చేసిన దస్త్రాన్ని ఇతర దస్త్రాలతో కలిపినా, కుదించినా సాధారణంగా సంతకం చెల్లకుండా పోతుంది. అందుచేత ధ్రువపత్రాలను అందినవి అందినట్లే భద్రపరచాలి.

లబ్ధిదారుల జాబితాలలో ఆధార్ సంఖ్యపై నల్లని గడి గీయడం వాడుకలో ఉన్నది. గడి కింద అంకెలు అలాగే ఉంటాయి, నకలు తీస్తే బయటపడతాయి. సంఖ్యను మూల పత్రంలోనే తొలగించి, ఆ తరువాత పీడీఎఫ్ చేయాలి.

పరిశ్రమలలో రసాయనాలకు, వ్యవసాయంలో పురుగుమందులకు ఉండే భద్రతా వివరపత్రంలో 16 విభాగాలుంటాయి. నాలుగవది ప్రథమ చికిత్స. ఇస్నాపూర్ పరిసరాలలో ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు అధికం. ఆ ఒక్క విభాగాన్నైనా తెలుగు, హిందీ, ఒడియా భాషలలో ఒక పుటగా తయారు చేసి మందుల గది తలుపుపై అతికించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని, ప్రాణరక్షణకు తోడ్పడే పని.

విద్య, పరిశోధన

సిద్ధాంత గ్రంథాలు భారత వ్యవసాయ పరిశోధన మండలి 'కృషికోశ్' నిధిలో, ఇక్రిశాట్ ప్రచురణలు ఆ సంస్థ బహిరంగ నిధిలో పీడీఎఫ్‌లుగా లభిస్తున్నాయి. విద్యార్థి తన గ్రంథాన్ని పీడీఎఫ్/ఏ రూపంలో భద్రపరిస్తే ఫాంట్లు దస్త్రంలోనే నిక్షిప్తమై, కొన్నేళ్ల తరువాత కూడా అదే విధంగా తెరుచుకుంటుంది. శీర్షికలకు శైలి గుర్తులు, చిత్రాలకు వివరణ వాక్యాలు ఇస్తే, తెరను చదివి వినిపించే సాధనాలతో దృష్టిలోపం గల విద్యార్థి కూడా ఆ గ్రంథాన్ని ఉపయోగించుకోగలడు.

పీడీఎఫ్ చదవడానికి అనువైనది, గణనకు కాదు. వర్షపాతం, భూసార పరీక్ష, దిగుబడి పట్టికలను పీడీఎఫ్‌లో మాత్రమే ప్రచురిస్తే, తరువాతి పరిశోధకుడు అంకెలను తిరిగి టైపు చేయవలసి వస్తుంది. పట్టికల మూల దస్త్రాన్ని కూడా జతపరచడం ఉత్తమం.

విడుదలకు ముందు పరీక్ష

1. ఒక పేరాను నకలు చేసి వేరే చోట అతికించాలి. తెలుగు అక్షరాలు యథాతథంగా రావాలి.
2. ఒత్తు గల మూడు పదాలను, ఒక పురుగు పేరును వెతకాలి.
3. మోతాదు అంకెలన్నింటినీ మూల సిఫారసుతో సరిచూడాలి.
4. ప్రతి పుట అడుగున తేదీ, కూర్పు సంఖ్య ఉన్నవో లేదో చూడాలి.
5. సాధారణ ఫోనులో, ఆరుబయట ఎండలో, పుటను పెద్దది చేయకుండా చదివి చూడాలి.

ముగింపు

పీడీఎఫ్ పత్రం విలువను పుట అందంతో కొలవడం చాలదు. తెలుగులో వెతికితే దొరకాలి, ఫోనులో చదవగలగాలి, కాలం చెల్లినప్పుడు ఆ విషయాన్ని తానే తెలపాలి. పై పరీక్షకు పట్టే సమయం కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు వెచ్చించకపోతే, నిషేధిత మందు పేరు గల పాత పుట, తాజా సిఫారసు కంటే ముందుగా రైతు చేతికి చేరవచ్చు. ప్రచురణ బాధ్యతలో ఈ పరీక్షను ఒక భాగంగా పరిశోధనా కేంద్రాలు, విస్తరణ విభాగాలు స్వీకరించవలసి ఉన్నది.