సంతకం చోట పెన్సిల్ టిక్కు

సమస్య: మాది గుంటూరు దగ్గర మిర్చి ఎగుమతుల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మామగారు చైర్మన్, బావగారు ఎండీ, మావారూ నేనూ డైరెక్టర్లం. అకౌంటెంట్ ఫైలు ఇంటికే తెస్తాడు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంటుంది. పొయ్యి మీద కూర చూసుకుంటూనే పెట్టేస్తాను. బ్యాంకు అప్పుకు నా పూచీ కూడా అలా ఇచ్చిందే. పోయిన వారం కాగితాల్లో మా తోటికోడలి పేరున ఉన్న స్థలాన్ని గోడౌన్ కోసం కంపెనీ కొంటున్నట్టు ఉంది. ధర ఎవరు కట్టారని అడిగాను. ‘‘ఇంట్లోవాళ్లనే అనుమానిస్తావా?’’ అన్నారు మామగారు. ‘‘సంతకమే కదా, పెట్టెయ్’’ అంటారు మావారు. పెట్టి ఊరుకోనా, రాజీనామా చేయనా?
– ఒక సోదరి

సలహా: ఈ ఉత్తరానికి జవాబు రాయించింది ఆ పెన్సిల్ టిక్కు. ఏ పేజీ చదవాలో ఎవరూ గుర్తు పెట్టలేదు, ఎక్కడ సంతకం చేయాలో మాత్రం గుర్తు పెట్టారు.

అమ్మా, అడగడంలో మీ తప్పేమీ లేదు. ముందుగా చీవాట్లు తినాల్సింది మీవారు. రేపు అప్పు మొండిబకాయి అయితే బ్యాంకు నోటీసు మీ పేరునా వస్తుంది. పూచీ ఇచ్చినందుకు మీ సొంత ఆస్తి మీదికీ వస్తుంది. ఆ సంగతి తెలిసిన భర్త ‘సంతకమే కదా’ అనకూడదు.

సంతకం పెట్టకండి. రాజీనామాకీ తొందరపడకండి. డైరెక్టరుగా తప్పుకుంటే పాత పూచీ పోదు, లెక్కల పుస్తకాలు చూసే హక్కు మాత్రం పోతుంది.

అసలు సంగతి ఇది. మీ బావగారు డైరెక్టరు, ఆయన భార్య స్థలాన్ని కంపెనీ కొంటోంది. మిర్చి కంపెనీకి స్థలాలు కొనడం రోజువారీ వ్యాపారం కాదు. 2013 కంపెనీల చట్టం 188వ సెక్షన్ ప్రకారం ఇలాంటి లావాదేవీకి బోర్డు సమావేశంలో తీర్మానం కావాలి. ఇంటింటికీ కాగితం తిప్పితే చెల్లదు. సమావేశానికి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, బావగారు తన సంబంధాన్ని బోర్డుకు చెప్పాలి, చర్చ మినిట్స్‌లోకి ఎక్కాలి. జరగని సమావేశం జరిగినట్టు రాసిన మినిట్స్ కింద సంతకం చేస్తే, ఆ అబద్ధంలో మీకూ వాటా ఉన్నట్టే.

ఇంటివాళ్ల ఆస్తిని కంపెనీ డబ్బుతో కొనడం ఎంత దూరం పోతుందో హైదరాబాద్ చూసింది. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. రెండూ సత్యం చైర్మన్ రామలింగరాజు కుటుంబ సంస్థలే. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, మాజీ కేబినెట్ సెక్రటరీ, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. ఏ ప్రశ్నలు అడిగినా, చివరికి అందరూ సరేనన్నారు. మదుపుదారులు భగ్గుమంటే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు స్వయంగా ఒప్పుకున్నారు, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు లేనేలేదని. మీ తోటికోడలి స్థలంలో మోసం ఉందని దీని అర్థం కాదు. ధర సరైనదే కావచ్చు. సరైనదైతే చూపించడానికి ఇబ్బందేమిటి?

మన ఇళ్లలో లెక్క అడిగిన కోడల్ని చిచ్చు పెట్టేదిగా చూస్తారు. వాటాలు తేలక అన్నదమ్ములు కోర్టుకెక్కినప్పుడు మాత్రం ‘ముందే అడిగి ఉండాల్సింది’ అంటారు. చెన్నై మురుగప్ప వ్యాపార కుటుంబంలో తండ్రి 2017లో పోయాక, వల్లీ అరుణాచలం కుటుంబ హోల్డింగ్ కంపెనీ బోర్డులో చోటు అడిగారు. 2020లో వాటాదారులు కాదన్నారు. రాజీ కుదిరేసరికి 2023 వచ్చింది. ఆమె బోర్డులో కుర్చీ కోసం అన్నేళ్లు పోరాడారు. మీకు ఆ కుర్చీ ఉంది, ఇంతవరకు అందులో కూర్చోనివ్వలేదు.

మామగారికి మర్యాదగానే ఒక ఉత్తరం రాయండి: బోర్డు సమావేశం పెట్టాలి, బయటి రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక చూపించాలి, నచ్చకపోతే మీ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయాలి. ఉత్తరం నకలు మీ దగ్గర ఉంచుకోండి. పూచీ పత్రం కాపీ బ్యాంకు నుంచి తెప్పించుకుని, ఇకముందు తీసుకునే అప్పులకు అది వర్తించకుండా నోటీసు ఇవ్వడం కుదురుతుందేమో సొంత లాయర్‌ని అడగండి. కంపెనీ లాయర్‌ని మాత్రం అడగకండి.